తువ్వాలు కింద చెయ్యి

"ఆ తువ్వాలు కింద ఏం చేస్తున్నారో నాక్కాస్త చూపించండి."

ఆ మాట అన్నది ఒక ఆడపిల్ల. గుంటూరు మిరపయార్డులో, పట్టపగలు, టిక్కీల మధ్య, అంటే మిరపకాయ బస్తాల మధ్య, నిలబడి అంది. టిక్కీలు మోస్తున్న హమాలీలు భుజం మీద బరువుతో అలాగే ఆగిపోయారు.

తువ్వాలు కింద ఉన్న రెండు చేతుల్లో ఒకటి నాది. రెండోది మద్రాసు షావుకారుది. మా యార్డులో ధర నోటితో చెప్పరు. కొనేవాడూ, కమీషన్ కొట్టు తరఫున నాలాంటి గుమస్తా ఒకడూ ఎదురెదురుగా నిలబడి, చేతుల మీద తువ్వాలు కప్పుకుని, వేళ్లతో మాట్లాడుకుంటారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు. బేరం కుదిరితే వేళ్లు వదిలేసి అరచేతిలో అరచెయ్యి వేసి నొక్కాలి. ఇక వెనక్కి పోవడానికి లేదు. నోటితో ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు, మేం ఆడేవాళ్లం కూడా. తువ్వాలు కింద మాత్రం ఆడకూడదు. అక్కడ అబద్ధమాడినవాడితో యార్డులో మళ్లీ ఎవడూ చెయ్యి కలపడు.

పండించిన రైతు మాత్రం పక్కన నిలబడి మా మొహాలు చూస్తూ ఉండాలి. అది పద్ధతి.

"ఇదుగో అమ్మాయ్, ఇది బేరం. ఆడవాళ్లకి పని లేదిక్కడ. అవతలికి జరుగు," అన్నాను.

"కాయ కోసిందెవరు? ఆడవాళ్లు. కళ్లంలో ఆరబోసిందెవరు? ఆడవాళ్లు. రంగు పోయిన తాలుకాయ ఏరింది? వాళ్లే. బేరం దగ్గరికి వచ్చేసరికి మీరు మడి కట్టుకున్నారా, గుమస్తాగారూ?"

బుడాన్ పకపకా నవ్వాడు. బుడాన్ మా కొట్టు హమాలీ, నా ఈడువాడు. ఏడో తరగతిలో బడి మానేసి, చీమకుర్తిలో రాళ్లు కొట్టలేక నేను గుంటూరు పారిపోయి వచ్చినప్పటి నుంచీ నాకున్న ఒకే ఒక్క స్నేహితుడు.

ఆ పిల్ల తండ్రి వెంకటనారాయణ, ప్రత్తిపాడు రైతు, సిగ్గుతో చచ్చిపోతున్నాడు. "రత్నం, ఇట్రావే! పట్టించుకోమాక అబ్బాయ్, తల్లి లేని పిల్ల, నోరు కాస్త ఎక్కువ."

"ఫర్వాలేదులే బాబాయ్," అంటూండగానే కోటిరత్నం తువ్వాలు కిందకి చెయ్యి దూర్చేసింది.

షావుకారు నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు. తువ్వాలు కింద నా చెయ్యీ, ఆమె చెయ్యీ మిగిలాయి. ఆ చెయ్యి కాలిపోతోంది. మిరపకాయ పట్టిన చెయ్యి కదా, అనుకున్నాను.

"చెప్పండి. ఎంత?"

షావుకారు ఇచ్చిన ధర ఎంతో అన్ని వేళ్లూ పట్టుకున్నాను. ఆమె నా మొహంలోకి చూసి, దాని పైన ఇంకోటి అన్నట్టు నా వేలొకటి లాగి పట్టుకుంది.

"రాదు," అన్నాను.

"వస్తుంది. ఆయన మొహం చూడండి, పారిపోదామని ఉంది ఆయనకి. ఇప్పుడే అడగాలి."

వచ్చింది. ఆడపిల్ల ముందు నుంచి తప్పుకుంటే చాలని షావుకారు ఆ వేలు కూడా ఒప్పుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం టీబంకు దగ్గర బుడాన్ నా నెత్తిన మొట్టాడు. "ఒరేయ్ చెంచయ్యా, బుద్ధుందా నీకు? ఆ పిల్ల తండ్రిని బాబాయ్ అంటావేంట్రా? బాబాయ్ అంటే ఆ పిల్ల నీకు చెల్లెలవుద్ది. మామయ్య అని ఏడు!"

"నోర్ముయ్," అన్నాను. అన్నానే గానీ, మర్నాటి నుంచీ ప్రత్తిపాడు బండ్ల కోసం గేటు వంక చూడటం మొదలుపెట్టాను.

ఆ ఏడు సరుకు వచ్చిన ప్రతిసారీ తండ్రితో కోటిరత్నం కూడా వచ్చింది. వచ్చినప్పుడల్లా దగ్గేది. యార్డులో దగ్గని మనిషి లేడు. మిరప ఘాటుకి కొత్తవాళ్లు దగ్గుతారు, తుమ్ముతారు, పాతవాళ్లు గొంతు సవరించుకుంటారు.

"ఇంత పెద్ద రైతు కూతురివి, ఘాటుకి దగ్గుతావేం?" అని ఆటపట్టించేవాణ్ణి.

"మా చేలో కాయకొక్కదానికే ఘాటు. మీ యార్డులో మనుషులకి కూడా ఉంది."

"మరి ఆ గోక్కోవడమేంటి?"

"కాయ కోసిన చేతులు గోక్కోక పన్నీరు చల్లుకుంటాయా? మీకేం తెలుసు, నీడపట్టున కూర్చుని వేళ్లు పిసుక్కునేవాళ్లు!"

గోలీసోడా తెచ్చి ఇస్తే సగం తాగి సగం నాకిచ్చేది. ఆ సోడాకి నేనేదో గొప్పవాణ్ణయిపోయినట్టు బుడాన్ దూరం నుంచి ఈల వేసేవాడు.

మాఘమాసంలో ఒకరోజు ఎవరూ పిలవని వాన వచ్చింది. యార్డంతా పరుగులే. టిక్కీల మీద టార్పాలిన్ పట్టా లాగుతుంటే గాలికి అది మా మీదే పడింది. పట్టా కింద చీకటి, ఎర్రటి ఘాటు, పైన వాన చప్పుడు, పక్కన రత్నం. ఇద్దరం దగ్గీ దగ్గీ నవ్వాం. ఆ చీకట్లో ఆమె నా రెండు వేళ్లు పట్టుకుంది.

"ఇదెంత గుమస్తాగారూ?"

"రెండు."

"ఇది?"

"మూడు," అని, గుండె గట్టి చేసుకుని నా అరచెయ్యి ఆమె అరచేతి మీద పెట్టబోయాను.

టక్కున చెయ్యి లాగేసుకుంది. "అమ్మో! అరచెయ్యి మాత్రం అప్పుడే ఇవ్వను. బేరం ఇంకా నడుస్తోంది."

నా బతుకులో నన్ను చూసి ఎవరైనా అంత చక్కగా 'ఇవ్వను' అన్నది అదే మొదలు. ఆ సంతోషంలో ఆమె మెడ పక్కన, దవడ కింద, ఉసిరికాయంత వాపు ఉందని చూసీ చూడనట్టు చూశాను.

మా వైపు మిరప రోజుల్లో దగ్గుకీ దురదకీ ఎవరూ డాక్టరు దగ్గరికి పోరు. కాయ అయిపోతే అవే పోతాయంటారు. కాయ అయిపోయింది. రత్నం దగ్గు పోలేదు. పత్తికి కొట్టిన మందు గాలి పడలేదన్నారు. రాత్రిళ్లు జ్వరమొచ్చి, చెమటకి చీర తడిసి ముద్దయితే ఒంట్లో వేడి అన్నారు, మజ్జిగ పోశారు. మెడలో బిళ్ల గవదబిళ్ల అన్నారు, పసుపూ సున్నం పట్టించారు. అలా ఏడాది గడిచిపోయింది.

ఆ ఏడు పత్తికి తెల్లదోమ పట్టింది. రైతులు మందు మీద మందు కొట్టారు. మంచి పురుగులన్నీ చచ్చాయి, తెల్లదోమ మాత్రం చావలేదు. ఆకంతా జిగురు కారి నల్లబడింది. వెంకటనారాయణ పత్తి మొక్కలు పీకి వంటచెరుకు చేసుకున్నాడు.

మరుసటి ఏడు మొదటి బండితో ఆయన ఒక్కడే వచ్చాడు.

"రత్నం రాలేదేం బాబాయ్?"

"ఒంట్లో బాగోలేదయ్యా. అన్నం తినట్లా. సగమైపోయింది."

నేనే గొడవచేసి బ్రాడీపేటలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మెడలో బిళ్ల ముక్క కోసి పరీక్షకి పంపాడు. జవాబు వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి, ఇది రక్తంలో ఒక జాతి కణాలకి వచ్చే కాన్సరనీ, బిళ్లల్లో మొదలై ఒంట్లో ఎక్కడికైనా పోతుందనీ చెప్పాడు. దగ్గూ, దురదా, జ్వరం, చెమటా అన్నీ దానివేనట.

"ఏడాది నుంచీ ఏం చేస్తున్నారయ్యా?" అని కేకలేశాడు.

"మిరపకాయ అనుకున్నామండీ," అన్నాడు వెంకటనారాయణ.

డాక్టరు మద్రాసులో ఒక పెద్దాసుపత్రి పేరు రాసి ఇచ్చాడు.

మిరప లారీలతో తిరిగినవాణ్ణి, నాకు మద్రాసు తెలుసు కాబట్టి నేనూ వెంట వెళ్లాను. అదీ సాకు. సాకని ముగ్గురికీ తెలుసు.

అక్కడ డాక్టర్ కామేశ్వరి గారని నెల్లూరు ఆవిడ, మన భాష మాట్లాడే మనిషి, మమ్మల్ని చూసింది. కొత్త పద్ధతి ఒకటి పరీక్షిస్తున్నామంది. తండ్రికీ నాకూ అర్థమయ్యేదాకా ఓపిగ్గా చెప్పింది.

"ఎలుకల్లో తయారుచేసిన మందమ్మా ఇది. యాంటీబాడీ అంటాం. పాడైన కణం ఎక్కడ దాక్కున్నా వెతికి దాన్నే అంటుకుంటుంది. దానికి కాస్త రేడియో అయోడిన్ తగిలించి సూదిలో ఎక్కిస్తాం. అది ఎక్కడ అంటుకుంటే అక్కడ మా కెమెరాకి మచ్చ కనపడుతుంది. జబ్బు మెడలో, ఛాతీలో మాత్రమే ఉందనుకోండి, కరెంటు, అంటే రేడియేషన్, పెడతాం, చాలామందికి నయమవుతుంది. పొట్టలోకి దిగితే కరెంటుతో కాదు. అప్పుడు ఇదే మందుకి అయోడిన్ బాగా ఎక్కువ తగిలించి మళ్లీ ఎక్కిస్తాం. ఈసారి అంటుకున్నచోటే కాలుస్తుంది. కానీ ఇంకా పరీక్షల్లో ఉన్నది. నేను మాటివ్వలేను."

"మంచి కణాన్ని వదిలేసి చెడ్డదాన్నే పట్టుకుంటదాండీ?" అన్నాడు వెంకటనారాయణ.

"చాలావరకు."

"మేం పత్తికి కొట్టిన మందుకి ఆ బుద్ధి ఉంటే ఎంత బాగుండేది," అన్నాడాయన.

రత్నం మాత్రం వేరే దగ్గర ఆగిపోయింది. "ఎలుకా! మా గాదెలో గింజలన్నీ తిన్నది చాలక ఇప్పుడు నా ఒంట్లోకి కూడానా?"

"తిన్నదానికి అప్పు తీర్చడానికొస్తోంది," అన్నాను.

"మీరూరుకోండి గుమస్తాగారూ. మిమ్మల్ని చూస్తే నవ్వొస్తుంది, నవ్వితే దగ్గొస్తుంది."

గొంతులో ఉండే గ్రంథి ఆ అయోడిన్‌ని లాక్కోకుండా ముందుగా నీళ్లలో చుక్కల మందు తాగించారు. తుప్పు నీళ్లలా ఉందంటూ మొహం వికారంగా పెట్టింది. తర్వాత సూది. తర్వాత ఆమె ఒంటినుంచి వచ్చే కిరణాలు తగ్గేదాకా విడిగా ఒక గదిలో ఉంచారు. నేల మీద ఎర్ర రంగుతో గీత. చూడటానికి వచ్చినవాళ్లు గీత ఇవతలే నిలబడాలి. ముట్టుకోకూడదు.

"దాటమాకండి గుమస్తాగారూ. నేనిప్పుడు కరెంటు తీగని."

"అది యార్డులో చెయ్యి పెట్టిన రోజే తెలిసింది."

"మరి ఇంత దూరం నుంచి బేరమెట్టా?"

నా చెయ్యి మీద తువ్వాలు కప్పుకుని గీత ఇవతల గాలిలో వేళ్లు ఆడించాను. ఆమె మంచం మీద దుప్పటి కింద చెయ్యి పెట్టుకుని వేళ్లు ఆడించింది. నర్సమ్మ వచ్చి ఇద్దరినీ చూసి, పిచ్చివాళ్లనుకుని వెళ్లిపోయింది. నన్నడిగితే నా పెళ్లిచూపులు అవే.

మొదటిరోజు తీసిన బొమ్మలో ఒళ్లంతా పొగ పట్టినట్టుంది. ఏమీ తెలియలేదు. రోజులు గడిచేకొద్దీ పొగ విడిపోయింది. మందు అంటుకున్నచోట్లే మచ్చలు మిగిలాయి. చివరి ఫిల్ముని కామేశ్వరి గారు దీపం ముందు పెట్టి చూపించింది. మెడలో రెండు వైపులా. ఛాతీ మధ్యలో. నా కళ్లు అక్కడే ఆగిపోవాలని చూశాయి. మచ్చలు ఆగలేదు. పొట్టలో వెన్ను పక్కగా వరసగా దిగి, గజ్జల దాకా ఉన్నాయి. కళ్లంలో ఎర్రటి కాయ మధ్య తాలుకాయ మొదట ఒకటి కనపడుతుంది, చూపు ఆనేసరికి అంతటా అదే కనపడుతుంది. అలా ఉంది.

"అంటే కరెంటుతో కాదన్నమాట," అన్నాడు వెంకటనారాయణ.

"కాదు. కానీ మందు ఇంత బాగా అంటుకుంది చూశారా? అదొక్కటే మనకి ఆశ. రెండో మోతాదు ఇద్దాం. అయోడిన్ బొంబాయి నుంచి రావాలి, కొన్ని వారాలు పడుతుంది."

ఆ వారాలు సత్రంలో ఉన్నాం. రత్నం పెరుగన్నం కాస్త తినేది. సాయంత్రాలు సత్రం మెట్ల మీద కూర్చుని, ప్రత్తిపాడులో ఈసారి పత్తి మానేసి మిరపే వేయించాలనీ, యార్డులో ఆడవాళ్లకి కూడా తువ్వాలు ఇప్పించాలనీ చట్టాలు చేసేది.

"నయమైతే అరచెయ్యి ఇస్తారా, ప్రత్తిపాడువారూ?" అన్నాను ఒకరోజు.

"అయితే చూద్దాం. అప్పటికి మీకింకా మంచి సరుకు దొరక్కపోతే."

నాలాంటి వాడు ఆశపడకూడదు. పుట్టినప్పటి నుంచీ తెలుసు నాకా సంగతి. తెలిసీ పడ్డాను.

అయోడిన్ వచ్చింది. పెద్ద మోతాదుకి ముందు, ఒళ్లు తట్టుకుంటుందో లేదోనని ఉత్త యాంటీబాడీనే చుక్కంత ఎక్కించారు. మేమిద్దరం తలుపు దగ్గరే ఉన్నాం. సూది తీసి నర్సమ్మ దూది ఇంకా పడెయ్యలేదు, రత్నం మోచెయ్యి గోక్కుంది.

"ఏంటమ్మా?" అన్నాడు తండ్రి.

"దురద నాన్నా."

"మిరప..." అని అలవాటు కొద్దీ అనబోయి ఆగిపోయాడు. మద్రాసు ఆసుపత్రిలో మిరపకాయ ఎక్కడుంది?

క్షణంలో ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. పెదాలు వాచాయి. ఊపిరి అందక మంచం ఊచ పట్టుకుంది. నర్సులు పరిగెత్తుకొచ్చారు, మమ్మల్ని బయటికి తోసేశారు. ఆ పూటకి బతికింది.

తర్వాత వరండాలో కామేశ్వరి గారు మాతో చెప్పింది. "మొదటిసారి ఇచ్చిన ఎలుక మందుని అమ్మాయి రక్తం గుర్తుపెట్టుకుంది. అది పరాయిదని ఇప్పుడు తరిమికొడుతోంది. ఇక ఇస్తే జబ్బు దాకా పోనివ్వదు సరికదా, ప్రాణానికే ముప్పు. ఈ పద్ధతి ఆపెయ్యాల్సిందే. గుంటూరులోనే ఇచ్చుకునే వేరే ఇంజెక్షన్లు రాసిస్తాను. కాస్త కాలం ఇస్తాయి."

"ఎంత కాలం అండీ?"

ఆవిడ గోడ వంక చూసింది. "నాలుగు నెలలు. లేదా మూడు."

అసలు శత్రువుని ఏడాదిపాటు ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టిన రక్తం, సాయానికి వచ్చినదాన్ని మాత్రం ఒక్కసారికే గుర్తుపట్టింది. దేవుడనేవాడు ఉంటే వాడితో నేను తువ్వాలు కింద చెయ్యి కలపను.

రత్నానికి తండ్రి చెప్పిన మాట వేరు. "ఆ మందు పడలేదంట తల్లీ. వేరే ఇంజెక్షన్లు ఉన్నాయంట. నిదానంగా తగ్గిపోద్దంట." నేను పక్కనే నిలబడి తల ఊపాను. నోటితో ఆడేవి ఆడుతూనే ఉన్నాం.

గుంటూరు వచ్చాక ఇంజెక్షన్లకి జుట్టు ఊడిపోయింది. తలకి గుడ్డ కట్టుకుంది. ఆ ఏటి ఆఖరి టిక్కీలు బండికెత్తుతుంటే తనూ యార్డుకి వస్తానని పట్టుబట్టింది. వెంకటనారాయణ కాదనలేకపోయాడు.

బండి గేట్లోకి రాగానే బుడాన్ చూశాడు. ఈల వెయ్యలేదు. ఒక టిక్కీ దించి, దానిమీద తన గోనెపట్టా మడిచి వేసి, "కూర్చో చెల్లెమ్మా," అన్నాడు. హమాలీలు కేకలు మానేశారు. మద్రాసు షావుకారు కూడా ఆగిపోయాడు.

"తువ్వాలు తియ్యండి గుమస్తాగారూ."

"సరుకు ఇంకా దించలేదుగా."

"నా బేరం వేరే ఉంది."

భుజం మీది తువ్వాలు తీసి మా చేతుల మీద కప్పాను. ఆ చెయ్యి ఎండిన కొమ్మలా ఉంది. వేడి మాత్రం అదే.

"నాన్న ఒకటి చెప్తాడు. డాక్టరమ్మ ఇంకోటి చెప్తుంది. మీరు తల ఊపుతారు," అంది మెల్లగా. "నోటిమాటలు నాకొద్దు. నెలలు చెప్పండి. ఎన్ని?"

నేను తువ్వాలు అంచు సర్దాను.

"ఇక్కడ అబద్ధమాడకూడదు. నేను చెయ్యి పెట్టింది అందుకే."

యార్డంతా ఘాటు. అందరి కళ్లలో నీళ్లున్నాయి, ఎవరి నీళ్లు దేనికో ఎవరికీ తెలియదు. నేను ఆమె చూపుడువేలు పట్టుకున్నాను. దాని పక్కది పట్టుకున్నాను. ఉంగరపు వేలు కూడా పట్టుకున్నాను. చిటికెన వేలి దగ్గర నా చెయ్యి ఆగింది. దాన్ని వదిలేశాను.

ఆమె కళ్లు మూసుకుంది. "సరే," అంది. చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

తీసుకోనివ్వలేదు. నా అరచెయ్యి ఆమె అరచేతిలో వేసి నొక్కాను.

"ఇదేంటి?" కళ్లు తెరిచింది. "లెక్క చెప్పారుగా. ఇదెందుకు?"

"బేరం ఖాయం."

"తాలు సరుకండీ. మూడు నెలలకి మించి నిలవ ఉండదని ఇప్పుడే మీరే చెప్పారు."

"సరుకు చూసే కొన్నాను."

"మతుండే మాట్లాడుతున్నారా గుమస్తాగారూ?"

"తువ్వాలు కింద వెనక్కి పోవడానికి లేదు రత్నం. కావాలంటే యార్డులో ఎవర్నైనా అడుగు."

నా మొహంలోకి చూసింది. నవ్వబోయింది, దగ్గొచ్చింది. దగ్గుతూనే, ఉన్న బలమంతా పెట్టి నా అరచెయ్యి తిరిగి నొక్కింది.

పండించిన రైతు ఎప్పటిలాగే పక్కన నిలబడి మా మొహాలు చూస్తున్నాడు.

"ఏమైంది అబ్బాయ్?"

"ఏం లేదు బాబాయ్."

ఆయన కదలకుండా ఉన్న ఆ తువ్వాలు వంక చూశాడు. నా ఊరేదో, మావాళ్లెవరో అడగలేదు. అవన్నీ అడిగే ఓపిక ఆ ఏడు ఎవరికీ లేదు. చెయ్యి చాపి మా ఇద్దరి చేతుల మీదా, తువ్వాలు పైనుంచి, తన చెయ్యి వేశాడు.

"ఇక బాబాయ్ అనమాకయ్యా," అన్నాడు.

ఆ వారంలోనే ప్రత్తిపాడులో తాళి కట్టాను. బుడాన్ ఒక్కడే నా తరఫు. రత్నం పీటల మీద ఎక్కువసేపు కూర్చోలేకపోయింది.

మూడో నెల మొదలవకుండానే పోయింది.

ఒక వేలు ఎక్కువ చెప్పాను. యార్డులో తువ్వాలు కింద నా మాట తప్పింది ఆ ఒక్క బేరంలోనే. ఆ సంగతి తెలిసిన మనిషి ఇప్పుడు లేదు కాబట్టి, ఇప్పటికీ అందరూ నాతో చెయ్యి కలుపుతూనే ఉన్నారు.